పై వరుసలో మొదటి డిస్కు

గొంతు ఆపరేషన్లు చేసే ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఒక్కడే చూసుకునేవాడు. అందరూ అతన్ని ఇంజినీరనే పిలిచేవారు. కొత్తగా చేరిన నర్సులైతే అదే అతని పేరనుకునేవారు. అతని భార్యకూ అక్కడే ఉద్యోగం, కింది అంతస్తులో. మాట పోయినవాళ్లకు మాట నేర్పే టీచరు. స్వరపేటిక తీసేయాల్సి వచ్చిన రోగులను ఆమె ముందుగానే పిలిపించి, చిన్న గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, వందలకొద్దీ వాక్యాలు చదివించి రికార్డు చేసేది. వాటిని విని కంప్యూటరు వాళ్ల గొంతులాంటి గొంతును తయారు చేస్తుంది. ఆపరేషన్ అయ్యాక టాబ్లెట్ మీద టైపు చేస్తే ఆ గొంతే బయటికి వినిపిస్తుంది.

ఆ రికార్డింగులన్నీ ఇంజినీరు సర్వర్‌లో ఉండేవి. సర్వర్ ముందు వైపు రెండు వరుసల్లో ఎనిమిది డిస్కులు. రెయిడ్ కంట్రోలర్ అనే కార్డు లోపల కూర్చుని, వచ్చిన సమాచారాన్ని ఎనిమిదింటికీ పంచిపెట్టేది. ఒక డిస్కు చచ్చిపోయినా మిగిలిన ఏడూ కలిసి అందులో ఏముందో లెక్కగట్టి చెప్పగలవు. సర్వర్‌ని ఆపక్కర్లేదు. అది నడుస్తుండగానే పాడైన డిస్కును లాగేసి కొత్తది తోస్తే చాలు, కంట్రోలర్ దాన్ని మళ్లీ నింపుకుంటుంది. కాకపోతే ఈ వెసులుబాటు ఒక్క డిస్కుకే. అది నిండేలోగా రెండోది కూడా పోతే కంట్రోలర్ చేతులెత్తేస్తుంది.

ఇంజినీరుకు ఇదో సరదా అయిపోయింది. సర్వర్ గది చూడడానికి ఎవరొచ్చినా, పై వరుసలో మొదటి డిస్కును చటుక్కున లాగి వాళ్ల చేతిలో పెట్టేవాడు. "ఇది మీ చేతిలో ఉంది. కింద మా రోగుల పని ఎక్కడైనా ఆగిందేమో కనుక్కోండి" అనేవాడు. ఏదీ ఆగేది కాదు. పెళ్లయిన కొత్తలో భార్యకు కూడా అలాగే చూపించాడు. ఆమె ఆ డిస్కును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, "త్వరగా పెట్టెయ్యి, నాకు భయంగా ఉంది" అంది. ఆ భయం చూసి అతను పొంగిపోయాడు.

ఆమె ఒకసారి అడిగింది కూడా. "వారానికొకసారే కాపీ తీస్తున్నావు. రోజూ తీస్తే మంచిది కదా?"

"రెయిడ్ ఉండగా రోజూ కాపీ ఎందుకు? గొడుగేసుకుని రెయిన్‌కోటు కూడా తొడుక్కోమంటావా?"

ఆమె నవ్వేసింది. తనకు తెలిసిన విద్య కాదు కదా అని ఊరుకుంది.

ఆ వారం ఆమె దగ్గరకు రికార్డింగు కోసం డ్రైవింగ్ మాస్టారు వచ్చాడు. ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆయనే. ఆమెకు నేర్పిందీ ఆయనే. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఆపకుండా మాట్లాడుతూనే ఉండే మనిషి. తిట్టినా నవ్వొచ్చేలా తిట్టేవాడు. గొంతులో గడ్డ పెరుగుతోందని డాక్టర్లు ఆపరేషన్‌ని ముందుకు జరిపారు. దాంతో పదిహేను రోజుల్లో చేయాల్సిన రికార్డింగును ఆమె అదే వారంలో ముగించాలి. బొంగురు గొంతుతోనే ఆయన పొద్దున్నా సాయంత్రమూ వచ్చి కూర్చున్నాడు. ఇచ్చిన వాక్యాలు చదవడమే కాక, సొంతంగా కూడా చెప్పాడు. "అమ్మాయ్, ఈ మిషన్ నాలాగే తిట్టాలి సుమా. మర్యాదగా మాట్లాడితే నా దగ్గర ఎవరూ నేర్చుకోరు" అన్నాడు. గురువారం సాయంత్రానికి అంతా పూర్తయింది.

ఆ మధ్యలో ఒక రోజు సర్వర్ గదిలో బజర్ మోగింది. ఇంజినీరు అప్పుడు తన బల్ల దగ్గర వేరే పనిలో తలమునకలుగా ఉన్నాడు. కరెంటు ఎగుడుదిగుడైనప్పుడల్లా ఆ బజర్ ఊరికే మోగడం మామూలే. అందుకని తెర మీద వచ్చిన హెచ్చరికను చదవకుండానే బజర్ నోరు నొక్కేశాడు. తరవాత చూద్దామనుకున్నాడు, మరిచిపోయాడు. ఆ హెచ్చరిక కరెంటు గురించి కాదు. కింది వరుసలో ఒక డిస్కు చచ్చిపోయింది.

శుక్రవారం పొద్దున్న మాస్టారిని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. మధ్యాహ్నం ఆసుపత్రికి విరాళాలిచ్చే పెద్దమనుషులు నలుగురైదుగురు వచ్చారు. డైరెక్టరుగారు, ఆవిడ స్వయంగా గొంతు సర్జన్, వాళ్లను వెంటబెట్టుకుని సర్వర్ గదికి వచ్చింది. "మా రోగుల గొంతులన్నీ ఇక్కడే దాచాం. మా ఇంజినీరు చెప్తాడు వినండి" అంది.

ఇంజినీరు జాలీ తలుపు తీశాడు. కంట్రోలర్ గురించి తేలిక మాటల్లో చెప్పాడు. ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాడు. అందరి చూపూ తన మీదే ఉంది. కింది వరుసలో ఒక డిస్కు మీద నారింజ రంగు దీపం వెలుగుతూనే ఉంది. అతను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు.

"నడుస్తున్న సర్వర్‌లోంచి డిస్కు లాగేసినా ఏమీ కాదు" అని, పై వరుసలో మొదటిది లాగి పైకెత్తి చూపించాడు.

వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలోనే మిగతా డిస్కుల మీద ఆకుపచ్చ మిణుకులు ఒక్కసారిగా ఆగిపోవడం అతను చూశాడు. అప్పుడు కింది వరుస కూడా కనిపించింది. డిస్కును దాని చోట్లోకి తోసేసి, నవ్వుతూనే తలుపు మూశాడు. డైరెక్టరుగారు వాళ్లను టీ తాగడానికి తీసుకెళ్తూ, "ఓ అరగంటలో వీళ్లకి ఒక గొంతు వినిపించాలి, రెడీ చేసి ఉంచు" అంది.

అప్పుడైనా అతను తొందరపడకుండా ఉంటే గండం గడిచేది. కంట్రోలర్ తెర మీద దారి చూపిస్తూనే ఉంది. వెనక్కి పెట్టిన డిస్కులో పాత అమరిక కనిపిస్తోంది, దాన్ని తీసుకోవాలా, చెరిపేయాలా అని అడిగింది. తీసుకుంటే చాలావరకు బయటపడేవాడు. కానీ అరగంట అన్న మాట చెవిలో గింగురుమంటోంది. చెరిపేసి, అదే వరుసలో కొత్తగా అమర్చుకుంటే డేటా ఎక్కడిదక్కడే ఉంటుందని ఎక్కడో చదివాడు. నిజమే. అయితే ముందు ఒక గడిలో టిక్కు తీసెయ్యాలి. తీయకపోతే డిస్కులన్నీ మొదటినుంచీ తుడుచుకుంటూ పోతాయి. అతను తీయలేదు. పొరపాటు తెలిసి ఆపేసరికి తుడుపు చాలా దూరం వెళ్లిపోయింది.

డైరెక్టరుగారికి ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోరు దానంతటదే చెప్పింది.

"మేడమ్, రెండు డిస్కులు ఒకేసారి పోయాయి. అరుదుగా జరుగుతుంది."

"అయ్యో. ఇప్పుడేగా అంత బాగా చూపించావు. పాపం, వాళ్ల ముందు కాకపోవడం నయం."

ఆ 'పాపం' తన కోసమేనని అర్థమయ్యేసరికి అతనికి ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

మిగతా రోగుల రికార్డింగులు ఆదివారం తీసిన కాపీలో ఉన్నాయి. ఆ వారం వచ్చినవాళ్లలో తక్కినవాళ్లకు ఆపరేషన్ ఇంకా కాలేదు, మళ్లీ చదివిస్తారు. మాస్టారి సంగతే వేరు. అప్పటికి ఆయన గొంతు మెడలో లేదు, సర్వర్‌లోనూ లేదు.

మర్నాడు డైరెక్టరుగారు డిస్కులమ్మిన కంపెనీకి అతని ముందే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి మరీ దులిపేసింది. అవతలి మనిషి "క్షమించండి మేడమ్, అన్నీ మారుస్తాం, ఎక్కడ తేడా వచ్చిందో విచారిస్తాం" అంటూనే ఉన్నాడు. ఇంజినీరు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ మాట నోట్లోనే తిరిగింది, బయటికి రాలేదు.

డిస్కులను డేటా వెలికితీసే ల్యాబుకు పంపారు. ఈలోగా భార్య వార్డుకు వెళ్లి మాస్టారిని చూసి వచ్చింది.

"కంగారు పడొద్దని చెప్పాను. మా ఆయన ఎలాగైనా తెస్తాడన్నాను. బొటనవేలు ఎత్తి చూపించారు పాపం" అంది ఇంటికొచ్చాక.

అతను స్నానానికని లేచి వెళ్లిపోయాడు.

ల్యాబు వాళ్ల జవాబు రావడానికి వారం పట్టింది. పైన తుడుపు పడింది, ఏమీ దొరకదన్నారు. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"రెండు డిస్కులు ఒకేసారి పోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? తిను" అంది భార్య.

"రెండు పోలేదు."

"మరి?"

"ఒకటే పోయింది. రెండోది నేను లాగాను."

ఆమె చేతిలో గరిటె గిన్నె అంచున ఆగింది. "ఎందుకు లాగావు?"

"వచ్చినవాళ్లకి చూపించడానికి."

ఏ డిస్కో ఆమె అడగలేదు. ఆ సరదా ఆమెకు తెలియనిదా. మెల్లిగా అడిగింది.

"చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు."

అంతకు మించి ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. బజర్ నోరు నొక్కింది, టిక్కు తీయనిది, కంపెనీ మనిషిని తిట్లు తిననిచ్చింది, వరసగా అన్నీ చెప్పేశాడు. చెప్తున్నకొద్దీ తేలికవుతుందనుకుంటే, తన మాటలు తనకే అసహ్యంగా వినిపించాయి.

"పక్క మంచం ఆయన కూడా వినేలా చెప్పాను, మా ఆయన తెస్తాడని" అంది ఆమె చివరికి. "మాస్టారికి నువ్వే చెప్పు. నేను రాను. నేనొస్తే నా మొహం చూసి, ఫర్వాలేదన్నట్టు తలూపేస్తారు. అలా ఊపకూడదు ఆయన."

మాస్టారు అప్పటికి ఇంటికి వచ్చేశాడు. వాకిట్లో, నెత్తి మీద బోర్డున్న డ్రైవింగ్ స్కూలు కారు దుమ్ము కొట్టుకుని ఉంది. మాస్టారి భార్య తలుపు తీసింది. "రా బాబూ. మా అమ్మాయి మొగుడివి కదూ" అంది. తన దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్లందరినీ మాస్టారు అమ్మాయ్ అంటాడు కాబట్టి ఆవిడకూ వాళ్లందరూ అమ్మాయిలే.

మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. మెడకు పల్చటి గుడ్డ. ఒళ్లో పిల్లలు గీసుకునే ప్లాస్టిక్ పలక, వెనక మీట జరిపితే చెరిగిపోయేది. ఇంజినీరును చూడగానే ఆత్రంగా, 'దొరికిందా?' అని రాశాడు.

"లేదు మాస్టారూ. దొరకదు." కూర్చోమన్నా అతను కూర్చోలేదు. "పోయింది డిస్కుల వల్ల కాదు. నా వల్ల. మీకు ఆపరేషన్ జరుగుతున్న రోజే, నలుగురి ముందు గొప్ప చూపించబోయి, బాగున్న డిస్కు లాగేశాను. అప్పటికే ఒకటి చచ్చిపోయి ఉంది."

మాస్టారు వింటూ పలక చెరిపాడు. మళ్లీ రాశాడు. 'లైటు వెలగలేదా?'

"వెలిగింది."

'చూశావా?'

"చూడలేదు."

బండి తీయబోయే ముందు దీపాలు చూసుకోమని ముప్పై ఏళ్లుగా చెప్పిన మనిషి. ఆ జవాబు విన్నాక పలక మీద మాట చెరపలేదు. అప్పుడే వంటింట్లోంచి వచ్చిన ఆయన భార్య కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయింది, పలక చదవలేకపోయింది.

"ఏమంటున్నారు బాబూ?"

మళ్లీ మొదటినుంచీ తన నోటితోనే ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టమైంది. ఆవిడకు డిస్కు అంటే ఏమిటో తెలియదు కాబట్టి తప్పించుకోవడానికి పెద్ద మాటలేవీ పనికిరాలేదు. "దీపం వెలుగుతుంటే చూసుకోకుండా, వాళ్లు మెచ్చుకుంటారని లాగేశానమ్మా. మాస్టారి గొంతు చెరిగిపోయింది."

"మొత్తమా?"

"మొత్తం."

అప్పుడు మాస్టారు లేచాడు. అరవబోయాడు. నోరు తెరుచుకుంది గానీ శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఊపిరికి టపటపా కొట్టుకుంది. ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పలక వంక కూడా చూడకుండా చెయ్యి చాచి తలుపు చూపించాడు.

గేటు దాకా ఆవిడ వెంట వచ్చింది. తిడుతుందేమోనని అతను ఆగాడు.

"ఆఖరి రోజున మీ ఆవిణ్ని బయటికి పంపించి, ఒక్కరే కూర్చుని నాకోసం ఏదో చెప్పారట. ఏం చెప్పారండీ అంటే, మిషన్ వచ్చాక వింటావులే అన్నారు. ఇప్పుడు అడిగితే పలక మీద రాయాలి. రాయరు. అలాంటివి రాసే మనిషి కాదు" అంది. గేటు గడియ నెమ్మదిగా వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అతను అక్కణ్నుంచి నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్లాడు. అంతా విన్నాక ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"వాళ్లకి చూపించమన్నది నేనే కదా" అంది.

"గది చూపించమన్నారు మేడమ్. డిస్కు లాగమనలేదు."

"సరే. కంపెనీకి నువ్వే ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నా ముందే."

చేశాడు. అవతలి మనిషి మొదట నమ్మలేదు. "అంటే మా డిస్కు పోయింది ఒక్కటేనన్నమాట" అన్నాడు. ఒక్కటేనన్నాడు ఇంజినీరు. ఆ మనిషి గొంతు మారింది. "సరిగా ప్యాక్ చేయించలేదని మా గోడౌన్ సూపర్‌వైజర్‌ని నిన్ననే పని మాన్పించాం సార్. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఉండండి, ముందు ఆయనకి చెప్పాలి" అని ఫోన్ పెట్టేశాడు. డైరెక్టరుగారు తల పట్టుకుంది. ఇంజినీరుకు ఎప్పుడూ లేనంత సిగ్గు ఆ క్షణంలో వేసింది. తన అబద్ధం తనకు తెలియని గుమ్మాలు కూడా ఎక్కి వచ్చిందని అప్పుడే తెలిసింది. సూపర్‌వైజర్‌ని మళ్లీ పిలిపించుకున్నారని రెండు రోజుల తరవాత కబురొచ్చింది. అతను ఆ ఇంటికి కూడా వెళ్లాడు. ఆ మనిషి గుమ్మంలోనే నిలబెట్టి విని, "సరే వెళ్లండి" అన్నాడు.

సర్వర్ గది తాళం బయటినుంచి వచ్చిన వేరే ఇంజినీరు చేతికి వెళ్లింది. ఇతను ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లకూడదన్నారు. అతను కాదనలేదు. నర్సులకు ఎలా తెలిసిందో తెలిసింది. అతను క్యాంటీన్‌లోకి వస్తే మాటలు ఆగిపోయేవి.

దారి భార్యకే తట్టింది. మాస్టారు నేర్చుకునేవాళ్లందరికీ ఫోన్‌లో మాటల మెసేజీలు పెడతాడు కదా, అవి ఎవరి దగ్గరైనా ఉండవా అని. ఆయన భార్య ఒప్పుకుంది. మాస్టారు రెండు రోజులు ఏ సంగతీ చెప్పలేదు, మూడో రోజు తలూపాడట. పాత శిష్యులందరికీ కబురు పెట్టారు. మెసేజీలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. "రేపు చెప్పులేసుకుని రాకు, బ్రేకు కింద ఇరుక్కుంటాయి." "నువ్వు క్లచ్ వదిలే పద్ధతికి కారు కాదు, కప్పే గెంతుతుంది." "వాన పడుతోందని మానేస్తావా? వానలోనే నేర్చుకోవాలి, రా."

వాటి వెనక హారన్లూ ఇంజను మోతా ఉన్నాయి. ఆ శబ్దాలు తీసేసి గొంతు ఒక్కటే మిగిల్చే పని ఇంజినీరు తీసుకున్నాడు. రోజూ డ్యూటీ అయ్యాక భార్య గదిలోనే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె ఒక పక్కన తన పని తాను చేసుకునేది. మాస్టారు చెవిలో గంటల తరబడి తిట్టేవాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? కదిలే ముందు అద్దం చూడు." ఆ ముక్క శుభ్రం చేయడానికి పదే పదే వినాల్సి వచ్చింది. ఒకసారి హెడ్‌ఫోన్స్ తీసేసి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ పెట్టుకున్నాడు.

గొంతు తయారైంది. బాగా లేదని చెప్పలేం. బొంగురుతనం, మాట విరుపు, అన్నీ ఆయనవే. కానీ ఏం టైపు చేసినా గదమాయించినట్టే వచ్చేది. మెల్లగా మాట్లాడిన ముక్క ఒక్కటీ దొరకలేదు. అందరూ ఇచ్చింది పాఠాల తిట్లే.

మాస్టారు భార్యతో వచ్చాడు. టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని, ఒక్క వేలితో టైపు చేశాడు. "అమ్మాయ్, కారు ఇంకా గోడలకి గుద్దుతున్నావా?" అంది ఆయన గొంతు. భార్యాభర్తలను తీసుకొచ్చిన నర్సు పకపకా నవ్వింది. టీచరు నవ్వబోయి చెంగుతో కళ్లొత్తుకుంది. మాస్టారు మరో రెండు మాటలు పలికించి, పాఠాలకు పనికొస్తుందన్నట్టు టాబ్లెట్‌ని తట్టాడు.

ఆయన భార్య మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఇది బండిలో గొంతు. ఇంట్లో గొంతు ఇది కాదు" అంది. ఎవరి మీదా నేరం మోపుతున్నట్టు అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది.

ఇంజినీరు ముందుకు వంగి స్పీకరు శబ్దం సరిచేశాడు. "సరిపోయిందా మాస్టారూ?"

మాస్టారు అతని వంక చూశాడు. వేలు తెర మీదకు వెళ్లి ఆగింది. టైపు చేయలేదు. సరిపోయిందన్నట్టు తల మాత్రం ఆడించి, భార్య భుజం పట్టుకుని లేచాడు. వాళ్లు వెళ్లేదాకా అతను వంగినవాడు వంగినట్టే ఉండి, వైర్లు చుట్టాడు.

తలుపు మూశాక భార్య కుర్చీలు సర్దుతూ అంది. "సోమవారం నుంచి కొత్తావిడ వస్తోంది రికార్డింగుకి. పాటలు పాడుతుందట. రోజూ సాయంత్రం కాపీ కావాలి నాకు."

"తీయిస్తాను. తాళం ఉన్నాయన్ని రమ్మని అడుగుతాను."

"నేను కూడా వస్తాను" అంది ఆమె. "తీసిన కాపీ పలుకుతోందో లేదో నా చెవులతో నేనే వింటాను. నీ మాట మీద కాదు."

"అలాగే" అన్నాడు అతను.